కథ కాదమ్మా, ముచ్చట

దాదాపు ఇరవై ఏళ్ళ కిందట ఒక జిల్లా కేంద్రంలో కొత్త రచయితల కోసం పెట్టిన కథా కార్యశాలకి నన్ను పిలిచారు. ముప్ఫైమంది దాకా వచ్చారు. అందులో ఆడవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ఒకామె బీడీలు చేస్తుంది. పదో తరగతి వరకు చదువుకుంది. తన కథని పిల్లల పాత పరీక్ష పేపర్ల వెనక పక్క రాసుకొచ్చింది.

కథ ఇంతే. ఒక ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ మాట్లాడుకుంటుంటారు. టేకేదారు ఆకు తక్కువ తూచాడనీ, ఒకరి కూతురికి సంబంధం వచ్చిందనీ, ఇంకొకరి మేక తప్పిపోయి దొరికిందనీ ఏవేవో మాటలు. నాలుగో ఆమె మాత్రం మాట్లాడదు. పొద్దుగూకేసరికి మిగిలిన ముగ్గురూ తలా ఎనిమిది వందల దాకా చేస్తే, ఆమెవి మూడు వందలు కూడా కావు. ఎందుకని ఎవరూ అడగరు. పక్కనున్నామె తన కట్టల్లోంచి నాలుగు తీసి, చూడనట్టే ఆమె చాటలోకి జరుపుతుంది. ఆ తర్వాత మగవాళ్ళ తాగుడు గురించి, ఆడవాళ్ళు ఐకమత్యంగా ఉండాల్సిన అవసరం గురించి ఒక పేజీ.

ఆమె చదవడం అయ్యాక, పొద్దున శిల్పం మీద మాట్లాడిన పెద్దాయన స్పందించారు. "బాగుందమ్మా. కానీ ఇది కథ కాదు, ముచ్చట. ఎత్తుగడ లేదు, సంఘర్షణ లేదు. చివర ఉపన్యాసం వచ్చింది. ఈ భాష పాత్రల మాటల్లో అయితే సరే గానీ కథనంలో పనికిరాదు" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. చెప్పిన నాలుగు మాటల్లో ఒకటి నిజం కూడా. నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. భోజనాల వేళ మించిపోతోంది. "రాస్తూ ఉండమ్మా" అని ఊరుకున్నాను. ఆమె కాగితాలు మడిచి టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది. మళ్ళీ ఆమె పేరు నేను ఏ పత్రికలోనూ చూడలేదు.

కథ ఎలా రాయాలని ఇప్పటికీ అమ్మాయిలు అడుగుతూనే ఉంటారు. అడిగినప్పుడల్లా ఆ మడిచిన కాగితాలే గుర్తొస్తాయి. ఆ రోజు నేను ఆమెకి ఏం చెప్పి ఉండాల్సింది? అది తెలియాలంటే ముందు "కథ", "ముచ్చట" అని గీత గీసినవాళ్ళెవరో, ఆ గీతకి ఇవతల మిగిలిపోయినవాళ్ళెవరో చూడాలి.

తెలుగులో తొలి కథ ఏదంటే చాలాకాలం ఒకటే జవాబు ఉండేది. 1910లో వచ్చిన గురజాడ "దిద్దుబాటు". అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ "ధన త్రయోదశి", "స్త్రీ విద్య" లాంటి కథలు రాసి అచ్చువేసింది. ఆ ఏడాదే మొదలైన "హిందూ సుందరి" లాంటి స్త్రీల పత్రికలు అప్పుడు ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది. ఈ సంగతి బయటికి వచ్చాక కూడా ఒక వాదన వినిపిస్తూనే ఉంది. అవి కథలే గానీ "ఆధునిక కథానిక లక్షణాలు" వాటికి పూర్తిగా లేవని, నీతి బోధ ఎక్కువైందని, సంభాషణల్లాగా ఉన్నాయని. అంటే "కథ కాదమ్మా, ముచ్చట" అనే మాటని కాస్త పాండిత్యంగా చెప్పడమే!

అచ్చమాంబ 1874లో పుట్టింది. పదేళ్ళ వయసులో పెళ్ళి చేశారు. బడికి వెళ్ళి చదువుకున్నది కాదు. భర్త ఉద్యోగరీత్యా మధ్య పరగణాలలో ఉన్నప్పుడు, తమ దగ్గరుండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు తనూ కూర్చుని నేర్చుకుంది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ పట్టుబడ్డాయి. స్త్రీల జీవిత చరిత్రలతో "అబలా సచ్చరిత్ర రత్నమాల" తెచ్చింది. 1905లో చనిపోయేనాటికి ఆమెకి ముప్ఫై ఏళ్ళు. ఆ కొద్ది కాలంలో రాసిన కథలివి.

"ధన త్రయోదశి"ని, "దిద్దుబాటు"ని పక్కపక్కన పెట్టి చదవండి. రెండింటిలోనూ దారి తప్పిన భర్తని భార్య సరిచేస్తుంది. మొదటి దాంట్లో పండగపూట చేతిలో డబ్బు లేక భర్త యజమాని సొమ్ము తెస్తాడు. భార్య దాన్ని తిరిగి ఇచ్చేయమంటుంది. రెండో దాంట్లో సానివాళ్ళ పాటలకి అలవాటుపడిన గోపాలరావుకి కమలిని బుద్ధి చెబుతుంది. మరి తేడా ఎక్కడుంది? "దిద్దుబాటు"లో మనం అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన భర్త వెంట లోపలికి వెళ్తాం. అతని కంగారే మన కంగారు. కమలిని ఉత్తరం ఒకటి కనిపిస్తుంది. చివరికి గానీ ఆమె ఉనికి మంచం కింద నుంచి తెలియదు. కథ నడిచినంతసేపూ ఆమె ఉన్నది అక్కడే! గొప్ప ఎత్తుగడ, గొప్ప బిగువు, అందులో అనుమానం లేదు. మొత్తం వివరం చెప్పకుండా సంఘటన మధ్యలో నుంచి మొదలుపెట్టడం ఎలాగో ఈనాటికీ ఆ కథ చూసి నేర్చుకోవచ్చు.

అచ్చమాంబ కథలో భార్య దాక్కోదు. ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. "స్త్రీ విద్య"లో అయితే కథకురాలే తప్పుకుంటుంది. భార్యాభర్తల మాటలే ఉంటాయి. అతను జైలుకి పోబోతున్నాడు. చదువు నేర్చుకోమంటాడు. ఆమెకి ఇష్టం లేదు, ఇంట్లో పెద్దవాళ్ళ భయం. చదువు రాని భార్య జైల్లో ఉన్న భర్తకి తన మనసులో మాట రాయాలంటే ఇంకొకరి చేత రాయించాలి. ఆ ఇంకొకరి ముందు ఏం చెప్పుకోగలదు? స్త్రీకి చదువు ఎందుకన్న అప్పటి పెద్ద చర్చనంతా ఆమె ఇంత చిన్న ఇబ్బందిలోకి తెచ్చింది. ఇది శిల్పం కాదా?

అచ్చమాంబ కథల్లో నీతి చెప్పడం ఉంది. మంచితనానికి చివర బహుమతి దొరకడం ఉంది. వాటిని సమర్థించనక్కర్లేదు. కానీ భర్త కళ్ళతో చూసే కథ "కథానిక" అయి, భార్య నోటితో నడిచే కథ "సంభాషణ" అయిందంటే, కొలబద్ద ఎక్కడ తయారైందో ఆలోచించాలి కదా. కొత్తగా రాసేవాళ్ళకి దీన్నుంచి పనికొచ్చే మాట ఒకటుంది. కథ మొదలుపెట్టే ముందు, ఈ గదిలో నేను ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాను అని అడుక్కోండి. రాశాక, మంచం కింద ఎవరినైనా వదిలేశానా అని ఇంకోసారి అడుక్కోండి. ఒక్కోసారి ఆమె వైపు నుంచి తిరగరాస్తే చాలు, అసలు కథ బయటపడుతుంది.

ఎవరితో మాట్లాడుతున్నట్టు రాయాలన్నది తర్వాతి ప్రశ్న. 1928లో మొదలైన "గృహలక్ష్మి"లో కనుపర్తి వరలక్ష్మమ్మ "శారద లేఖలు" రాసింది. స్నేహితురాలికి రాసే ఉత్తరాలుగా సాగే శీర్షిక అది. లోకంలో జరుగుతున్న సంగతులన్నీ అందులోకి వచ్చేవి. బహిరంగ సభలో మాట్లాడటం అలవాటు లేని ఆడవాళ్ళకి ఉత్తరం తెలిసిన రూపం. స్నేహితురాలికి రాసేటప్పుడు ఎవరూ పెద్ద మాటలు వాడరు. ఆమెకి తెలిసిందే మళ్ళీ చెప్పరు. నాకు తెలిసిన ఒక చిట్కా ఇక్కడి నుంచి వచ్చిందే. కథ ముందుకి సాగకపోతే కథ అనే మాట పక్కన పెట్టి, ఈ సంగతిని మీకు బాగా దగ్గరైన ఒక మనిషికి ఉత్తరంగా రాయండి. తర్వాత పైన సంబోధన, కింద సంతకం కొట్టేయండి. మిగిలినదాంట్లో మీ గొంతు దొరుకుతుంది.

సమయం గురించి ఎవరూ శిల్పం పాఠంలో చెప్పరు. చెప్పాలి. ఏడాదికి ఐదు వందల పౌండ్లు, తనకంటూ ఒక గది ఉంటేగానీ స్త్రీ కాల్పనిక సాహిత్యం రాయలేదని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసింది. ఆ రెండూ లేకుండా జేన్ ఆస్టిన్ అందరూ తిరిగే గదిలో కూర్చుని రాసింది. ఆ ఇంట్లో ఒక తలుపు కిర్రుమనేదట. ఆమె దాన్ని బాగుచేయనివ్వలేదనీ, ఎవరైనా వస్తున్నారని ఆ చప్పుడు చెప్పేదనీ, వెంటనే కాగితాలు దాచేసేదనీ ఆమె మేనల్లుడు తర్వాత రాశాడు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఆ తలుపు కుక్కర్ విజిల్ రూపంలో ఉంది. పిల్లల ఆటో హారన్ రూపంలో ఉంది. రెండుగంటలు కదలకుండా కూర్చుని రాయండి అన్న సలహా ఎవరి జీవితం చూసి ఇచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆగిపోవడాన్ని పనిలో భాగం చేసుకోవాలి. ఒక సన్నివేశం పూర్తిచేసి లేవకుండా, తర్వాతి వాక్యం ఏమిటో తెలిసినప్పుడే లేవండి. అంట్లు తోముతున్నంతసేపూ ఆ వాక్యం మనసులో నానుతుంటుంది. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు ఖాళీ కాగితం భయపెట్టదు. పాత్ర నోట వచ్చిన ఒక్క మాటైనా ఆ రోజుకి ఏ చీటీ మీదో రాసిపెట్టుకోండి.

1960ల నుంచి రెండు దశాబ్దాలు వారపత్రికల్ని ఏలినవి రచయిత్రుల సీరియళ్ళు. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" నవల కోసం ఎదురుచూసిన పాఠకుల గురించి మన అమ్మల తరం ఇప్పటికీ చెబుతుంది. ఆడపేరుకి అంత గిరాకీ ఉండబట్టి కొందరు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. అదే సమయంలో వీటిని "వంటింటి సాహిత్యం" అని వెక్కిరించారు. ఆ నవలల్లోని ప్రేమ, కారు, మేడ కలల మీద స్త్రీవాదులుగా మనకీ విమర్శ ఉంది. అయితే పొయ్యి దగ్గర నుంచి మనిషిని లేపి వారం వారం చదివించడం చేతకానివాళ్ళు చేసే పని కాదు. ఎక్కడ ఆపాలో, ఏ సంగతి దాచిపెట్టాలో, పాఠకురాలి ఆశని ఎంతసేపు నిలబెట్టాలో వాళ్ళకి తెలుసు. అదే కాలంలో రంగనాయకమ్మ ఆ పత్రికా పాఠకుల్నే కూర్చోబెట్టి కుటుంబం గురించి అడగకూడని ప్రశ్నలు అడిగింది. పాఠకుల్ని పట్టుకునే నేర్పుకీ ఆలోచనకీ శత్రుత్వం లేదని దీన్నుంచి తెలుసుకోవాలి.

స్త్రీవాదం ఒక ధోరణిగా బలపడుతున్న రోజుల్లో మాకు ఎదురైన పెద్ద సమస్య, చెప్పాల్సింది ఎక్కువ ఉండటమే. కోపం ఉంది, సిద్ధాంతం ఉంది. కథలో అవి ఎక్కడ పెట్టాలి? అబ్బూరి ఛాయాదేవి "బోన్‌సాయ్ బ్రతుకు" చూడండి. ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి, చదువు మధ్యలో ఆగిపోయిన అక్క వస్తుంది. బాల్కనీలో కుండీలో మరుగుజ్జు చెట్లున్నాయి. గాలివాన వస్తుంది. కుండీని లోపల పెట్టుకోవాల్సి వస్తుంది. బయట పెద్ద తురాయి చెట్టు కిందకి మనుషులు పరుగెత్తి తలదాచుకుంటారు. ఆడపిల్ల పెంపకం గురించి మాట చివరికి వస్తుంది. అయితే అది రచయిత్రి ఉపన్యాసంగా రాదు. చదువుకోని అక్క నోటి నుంచి, అదీ వాన చూసిన తర్వాత వస్తుంది. ముందు వస్తువుని చూపించి, దానికి ఏదైనా జరగనిచ్చి, చివర్లో అవసరమైతే ఒక్క మాట, ఆ మాట అనే హక్కు ఉన్న మనిషితో అనిపించడం. ఈ వరస గుర్తుపెట్టుకుంటే ఎంత సిద్ధాంతమైనా కథలో ఇముడుతుంది.

పి. సత్యవతి "ఇల్లలకగానే" ఇంకో దారి. ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ కథ మన అమ్మమ్మలు చెప్పిందే, పిల్లలందరికీ తెలిసిందే. ఆ ఈగ స్థానంలో గృహిణిని పెడితే చాలు, నవ్వించే కథ కాస్తా గుండె ఝల్లుమనేలా తయారవుతుంది. ఆమె తన పేరు వెతుక్కుంటూ వెళ్తుంది, తనని పేరుపెట్టి పిలిచే స్నేహితురాలిని చేరేదాకా. ఓల్గా "రాజకీయ కథలు"లో జడ, ముక్కు, కళ్ళు కథావస్తువులయ్యాయి. ఆ తర్వాత "విముక్త"లో సీత శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలుసుకుంటుంది. కథావస్తువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. చిన్నప్పుడు విన్న కథ, ఒంటి మీద ఉన్న ముక్కుపుడక, ఇంట్లో రోజూ అనే సామెత, వీటిని పట్టుకుని ఇది ఎవరికి లాభం అని అడిగితే కథ కదులుతుంది.

ఇంతవరకు చెప్పిన పేర్లలో చాలావరకు చదువుకున్న పైకులాల ఇళ్ళ నుంచి వచ్చినవే. దీన్ని మనం ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో "నల్లపొద్దు" వచ్చి, దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చి, స్త్రీలందరి తరఫునా మాట్లాడుతున్నామనుకున్న మమ్మల్ని ఆపి నిలబెట్టింది. శ్యామల కథలు తాండూరు ప్రాంతపు నుడికారంతో నడుస్తాయి. జూపాక సుభద్ర కథల్లో, పాత్రలు మాట్లాడే భాషకీ కథ చెప్పే భాషకీ మధ్య గోడ ఉండదు. ఆ గోడ గురించి ప్రతి కొత్త రచయిత్రీ ఆలోచించాలి. పనిమనిషి మాటల్ని యాసలో రాసి, ఆమె గురించి మనం చెప్పేది మాత్రం "మంచి" తెలుగులో రాస్తే, కథలో ఎవరు యజమానో భాషే చెప్పేస్తుంది. అలాగని మనది కాని యాసని అరువు తెచ్చుకుంటే అది వేషంలా ఉంటుంది. మీ ఇంట్లో మీరు ఏ భాషలో పోట్లాడతారో ఆ భాషతో మొదలుపెట్టండి.

మన దగ్గర కథ కట్టే విద్య గురించి మంచి పుస్తకాలు లేకపోలేదు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య "కథాశిల్పం"కి 1999లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఇప్పటికీ నేను దాన్ని చదవమనే చెబుతాను. అయితే సూత్రం కథ తర్వాత పుడుతుంది. రాసినవాళ్ళని చూసి రాసిన లక్షణాలవి. వాటిలోకి రాని కథ ఎదురైతే, అనుమానించాల్సింది కథనేనా?

ఇప్పుడు ఆ బీడీల కథ దగ్గరికి వస్తాను. ఆ రోజు నేను ఇలా చెప్పి ఉండాల్సింది.

అమ్మా, నీ కథలో ఎత్తుగడ ఉంది. నలుగురు మాట్లాడుకుంటుంటే మాట్లాడనామె మీదకి మా కళ్ళు వెళ్ళేలా చేశావు. సంఘర్షణ ఉంది. అది ఎనిమిది వందలకీ మూడు వందలకీ మధ్య ఉంది. ఆమె ఇంట్లో ఏం జరిగిందో నువ్వు చెప్పలేదు, ఆమె వేళ్ళు చెప్పాయి. ఆ అరుగు మీద ఎవరైనా "ఏమైందే?" అని అడిగి ఉంటే కథ చెడిపోయేది. అడగకుండా నాలుగు కట్టలు జరపడంలో నీ కథ ముగిసింది. ఆ తర్వాత రాసిన పేజీని తీసెయ్. పెద్దాయన ఉపన్యాసం అన్నది ఆ పేజీనే, అంతవరకు ఆయన మాట నిజమే. నువ్వు ఆ పేజీ ఎందుకు రాశావో కూడా నాకు తెలుసు. నలుగురు ఆడవాళ్ళు బీడీలు చుట్టడం మాత్రమే రాస్తే మేము కథ అనుకోమేమోనని భయపడ్డావు. ఆ భయం పుట్టించినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఇంకో మాట. నాలుగు కట్టలు ఇచ్చినామెకి ఆ రోజు కూలి ఎంత తగ్గిందో ఒక్క ముక్క రాయి. లెక్క వెయ్యి బీడీలకి ఇంత అని కదా. ఆమె ఏం వదులుకుందో తెలిస్తేనే, ఇచ్చిందాని బరువు తెలుస్తుంది. మీ ఊళ్ళో అందరికీ తెలిసిన ఆ లెక్క మాకు తెలియదు. భాష మార్చకు. రాసిందాన్ని ఆ ముగ్గురికీ చదివి వినిపించు. వాళ్ళు ఎక్కడ చేతులు ఆపి వింటారో చూసుకో, ఎక్కడ మళ్ళీ ఆకు కత్తిరించడం మొదలుపెడతారో కూడా చూసుకో. రెండోచోట కొట్టేయాల్సింది ఏదో ఉంది.

ఈ నాలుగు మాటలు చెప్పడానికి పది నిమిషాలు చాలేవి. భోజనం చల్లారేది, అంతే. అచ్చమాంబని తొలి కథకురాలని ఒప్పుకోవడానికి తెలుగు సాహిత్యం దాదాపు వందేళ్ళు తీసుకుందని సభల్లో బాధపడుతూ ఉంటాం. ఆ వందేళ్ళలో నేను మాట్లాడకుండా ఊరుకున్న ఆ పది నిమిషాలు కూడా కలుస్తాయని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరి దగ్గరైనా అలా మడిచి పెట్టిన కాగితాలుంటే విప్పండి. చివరి పేజీ ఒకసారి చూసుకోండి, తీసేయాల్సింది అక్కడే ఉండొచ్చు. మిగిలింది ముచ్చట అని ఎవరన్నా అంటే, అవునండీ ముచ్చటే, కూర్చుని వినండి అని చెప్పండి.